పార్టీ మధ్యలో ప్రేమ: రాజకీయ లవ్ స్టోరీలో అసలు అడ్డం ఎక్కడుంటది

ఆన్‌లైన్‌లో తెలుగు సీరియల్ కథలు చదివేవాళ్ళకి ఈ టైపు బాగా తెలుసు. హీరో ఎమ్మెల్యే కొడుకు, లేదంటే ఏకంగా యంగ్ ఎమ్మెల్యే. తెల్ల చొక్కా, వెనకాల నాలుగు బళ్ళు, ఎవరైనా ఎదురు మాట్లాడితే ఒక చూపు. హీరోయిన్ టీచరో, రిపోర్టరో, ఎదుటి పార్టీ లీడర్ కూతురో. గొడవతో మొదలవుద్ది, మధ్యలో ఏదో బలవంతపు పెళ్ళి జరుగుద్ది, నలభయ్యో ఎపిసోడ్‌కి ప్రేమ పుడతది. నేను ఇవి చాలా ఇష్టంగా చదువుతా, రాత్రి నిద్ర మానేసి మరీ చదివినవి ఉన్నాయి. కానీ చదివిన ప్రతిసారీ ఒకటే అనిపిస్తది, ఇందులో పార్టీ ఏది అని. అదే హీరోని రొయ్యల చెరువుల ఓనర్ని చేసినా, ఇంజనీరింగ్ కాలేజీ ఛైర్మన్ని చేసినా కథలో ఒక్క లైను మార్చాల్సిన పని లేదు. అంటే అక్కడ రాజకీయం ఒట్టి డ్రెస్సు.

పార్టీని నిజంగా కథలోకి తెస్తే ఏమవుద్ది, లవ్ స్టోరీకి అది ఎక్కడ అడ్డం పడతది, ఎక్కడ సాయం చేస్తది అనేదే ఇక్కడ విడమరిచి చెప్దామని. నేను పట్టుకున్న పాయింట్ ఒక్కటే. ఈ కథల్లో విలన్ అమ్మాయి నాన్న కాదు, కులపెద్ద కూడా కాదు. ప్రేమ ఎలాగైతే నువ్వు నావైపేనా అని అడుగుద్దో పార్టీ కూడా రోజూ అదే అడుగుద్ది. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పడం కుదరని రోజు వస్తది చూడండి, కథ అక్కడ ఉంటది.

మన రెండు రాష్ట్రాల్లో పార్టీలో ఉండటం అంటే ఐదేళ్ళకోసారి ఓటేసి రావడం కాదు కదా. ఏ హోటల్లో టీ తాగుతాం, ఎవరింట్లో చావుకి ముందుగా వెళ్తాం, శ్రీరామనవమి పందిట్లో ఎవరి పక్కన కూర్చుంటాం, ఫ్లెక్సీలో మన ఫొటో ఏ మూలకి వచ్చింది, ఇదంతా పార్టీయే. పుట్టిన దగ్గర నుంచి ఇంట్లో ఒక రంగు చూసి పెరిగిన పిల్లలకి ఇది మతం లాంటిదే. అలాంటి ఇంట్లో అమ్మాయి ఎదుటి పార్టీ అబ్బాయిని ఇష్టపడితే మొదట వచ్చే మాట "పరువు" అనుకుంటారు రాసేవాళ్ళు. నిజానికి పార్టీ ఆఫీసులో మొదట వచ్చే మాట వేరే ఉంది, "కోవర్ట్". ఇంగ్లీషులో దాని అసలు అర్థం ఏదైనా కానీ మన దగ్గర మాత్రం ఇక్కడ ఉంటూ అక్కడికి మాటలు మోసేవాడు అని అర్థం స్థిరపడిపోయింది, ఒకసారి ఆ ముద్ర పడితే పదేళ్ళు జెండా మోసినా పోదు.

అమ్మాయి వాళ్ళ నాన్న మండల పార్టీ ప్రెసిడెంట్ అనుకోండి. ఇంట్లో అన్నం తింటా ఆయన ఫోన్ మాట్లాడతాడు. సర్వేలో ఏ ఊరు వీక్‌గా ఉంది, ఎవరు గోడ మీద పిల్లిలా ఉన్నారు, ఏ సర్పంచ్ రేపు కండువా మారుస్తాడు, ఇవన్నీ ఆ అమ్మాయి వినకుండానే వింటది. అబ్బాయి అవతల పార్టీ సోషల్ మీడియా టీమ్‌లో చేస్తున్నాడు. అతను ఏమీ అడగడు, ఆమె ఏమీ చెప్పదు. కానీ ఒక రోజు ఆ సర్పంచ్ కండువా మార్చే ముందే అవతల పార్టీ వాళ్ళు వెళ్ళి బుజ్జగించేశారు. ఇక చూడండి. వాళ్ళిద్దరికీ తెలుసు వాళ్ళ మధ్య ఆ మాట రాలేదని, కానీ నిరూపించే దారి లేదు. అంతకంటే ఘోరం, ఒక్క క్షణం వాళ్ళకే ఒకరి మీద ఒకరికి డౌట్ వస్తది. నేను ఎక్కడైనా పొరపాట్న అన్నానా, అతను వాడుకున్నాడా అని. పార్టీ లవ్ స్టోరీలో అసలు గాయం ఇది. నాన్న కొట్టిన చెంపదెబ్బ దీని ముందు చాలా చిన్నది.

ఇది కల్పన కాదు, చరిత్రలో పెద్దవాళ్ళ జీవితాల్లోనే ఉంది. కేరళలో 1957లో తొలి కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది, ఈఎంఎస్ నంబూద్రిపాద్ ముఖ్యమంత్రి. ఆ కేబినెట్‌లో కేఆర్ గౌరి రెవెన్యూ మంత్రి, టీవీ థామస్ కార్మిక శాఖ మంత్రి. ఇద్దరూ మంత్రులుగా ఉండగానే ఆ ఏడాదే పెళ్ళి చేసుకున్నారు. ఆమెది హిందూ ఈళవ కుటుంబం, ఆయనది క్రైస్తవ కుటుంబం, అయినా మతం వాళ్ళని విడదీయలేదు. ఏడేళ్ళ తర్వాత 1964లో పార్టీ రెండుగా చీలింది. ఆయన సీపీఐలో ఉండిపోయాడు, ఆమె సీపీఎంకి వెళ్ళింది. 1967లో రెండు పార్టీలూ కలిసి మళ్ళీ ప్రభుత్వం పెడితే ఇద్దరూ మళ్ళీ మంత్రులయ్యారు, ఒకే కేబినెట్‌లో రెండు పార్టీల తరఫున. ఇంట్లో మాత్రం ఆ పొత్తు నిలబడలేదు, విడిపోయారు. 1969లో ఆ ప్రభుత్వం కూడా పోయి రెండు పార్టీలు ఎదురెదురయ్యాయి. థామస్ 1977లో పోయారు, గౌరమ్మ 2021 మే వరకు బతికారు, నూటొక్క ఏళ్ళు. ఆమె గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ 1967 కేబినెట్ మీటింగులే కళ్ళ ముందుకి వస్తాయి, ఒకే టేబుల్, అవే ఫైళ్ళు, ఆ రెండు కుర్చీల్లో ఆ ఇద్దరు మనుషులు.

దీనికి సరిగ్గా ఎదురు కథ కృపలానీ గారిది. కాంగ్రెస్ నాయకుడు జేబీ కృపలానీ, సుచేత 1936లో పెళ్ళి చేసుకున్నారు, ఆయనకి ఆమెకి ఇరవై ఏళ్ళ తేడా, గాంధీ గారికి కూడా మొదట్లో ఆ పెళ్ళి ఇష్టం లేదు. తర్వాత ఆయన కాంగ్రెస్ వదిలి సొంత పార్టీ పెట్టారు, 1952లో ఆమె ఆ పార్టీ తరఫునే ఢిల్లీ నుంచి గెలిచారు, కానీ 1957 నాటికి ఆమె తిరిగి కాంగ్రెస్‌లో ఉన్నారు. ఆయన ప్రతిపక్షంలోనే ఉండిపోయారు. ఇప్పుడు తేదీలు చూడండి. 1963 ఆగస్టులో నెహ్రూ ప్రభుత్వం మీద లోక్‌సభలో మొట్టమొదటి అవిశ్వాస తీర్మానం పెట్టింది కృపలానీ. అదే ఏడాది అక్టోబర్‌లో అదే కాంగ్రెస్ తరఫున ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యింది సుచేత, దేశంలో తొలి మహిళా ముఖ్యమంత్రి. రెండు నెలల తేడా. భర్త ఆ పార్టీ ప్రభుత్వాన్ని దించడానికి నిలబడ్డాడు, భార్య అదే పార్టీ ప్రభుత్వాన్ని నడపడానికి కుర్చీ ఎక్కింది, ఆ పెళ్ళి మాత్రం చివరి దాకా నిలబడింది.

అమెరికాలో కూడా ఇలాంటి జంట ఉంది. 1992 అధ్యక్ష ఎన్నికల్లో క్లింటన్ ప్రచారంలో ముఖ్య వ్యూహకర్త జేమ్స్ కార్విల్, బుష్ ప్రచారంలో పెద్ద బాధ్యతలో ఉన్న మేరీ మాటలిన్. ఎన్నిక అయిపోయింది, ఒకరు గెలిచారు ఒకరు ఓడారు, 1993లో పెళ్ళి చేసుకున్నారు. మన దగ్గరికి వస్తే 2019లో దగ్గుబాటి వెంకటేశ్వరరావు గారు పర్చూరులో వైసీపీ నుంచి, పురందేశ్వరి గారు విశాఖ ఎంపీకి బీజేపీ నుంచి ఒకే ఎన్నికలో పోటీ చేశారు. అంతకు ముందు తరంలో చంద్రబాబు గారి సంగతి, 1981లో ఎన్టీఆర్ గారి అల్లుడయ్యే నాటికి ఆయన కాంగ్రెస్ మంత్రి. ఆర్నెల్లకి మామగారు టీడీపీ పెట్టారు, 1983లో అల్లుడు చంద్రగిరిలో కాంగ్రెస్ తరఫున నిలబడి ఆ కొత్త పార్టీ చేతిలో ఓడిపోయి, తర్వాతే టీడీపీలోకి వచ్చారు. ఆ ఏడాది ఆ ఇంట్లో సంక్రాంతి ఎలా జరిగి ఉంటది అనేది ఒక్కటి చాలు ఒక మంచి కథకి. ఆ నెలలోనే ఎన్నికలు జరిగింది.

మరి వీటిలో లైట్ రొమాన్స్ ఏది అవుద్ది, ఏది కాదు? చాలామంది లైట్ అంటే కష్టం లేని కథ అనుకుంటారు, నేను ఒప్పుకోను. గౌరమ్మ కథలో చీలిక అనేది జీవితాంతం ఉండేది, దాంట్లోంచి వెనక్కి వచ్చే తలుపు లేదు, అందుకని అది లైట్ కథ అవ్వదు, దాన్ని అలా మార్చాలని చూడటం కూడా తప్పే. 1992 ఎన్నికకి మాత్రం ఒక చివరి తేదీ ఉంది. ఆ తేదీ దాకా ఇద్దరూ శత్రువులు, ఆ తర్వాత మనుషులు. కష్టం నిజమైనదే కానీ దానికి గడువు ఉంది, ఓడితే పోయేది సీటే కానీ ప్రాణం కాదు. అందుకే ఫ్యాక్షన్ నేపథ్యంలో లైట్ లవ్ స్టోరీ అని ఎవరైనా రాస్తే నాకు ఎక్కదు. బాంబులు, బళ్ళ ఛేజింగులు పెట్టి మధ్యలో పాటలాంటి సీన్ పెడితే ఆ ఊళ్ళలో నిజంగా మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళ వాళ్ళు చదివితే ఎలా ఉంటది? లైట్ కథకి కావాల్సింది కత్తి కాదు, క్యాలెండర్. ఎన్నికలు ఇచ్చినన్ని గడువులు ఇంకేదీ ఇవ్వదు.

2024 ఆంధ్రా ఎన్నికల తేదీలే తీసుకోండి. మార్చి 16న షెడ్యూల్, ఏప్రిల్ 18 నుంచి 25 దాకా నామినేషన్లు, 26న పరిశీలన, 29న ఉపసంహరణ, మే 13 పోలింగ్, జూన్ 4 కౌంటింగ్. ఎనభై రోజులు. వేరే మతాల వాళ్ళు ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోవాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి, ఆ కాగితం ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు, అభ్యంతరం ఎవరైనా చెప్పొచ్చు, 3 నెలల్లోపు పెళ్ళి జరగకపోతే నోటీసు చెల్లదు. షెడ్యూల్ వచ్చిన రోజే ఒక జంట నోటీసు ఇచ్చిందనుకోండి, జూన్ మధ్యకల్లా పెళ్ళి అయిపోవాలి, ఈలోపు ఆ గోడ మీద కాగితం ఏ పార్టీ వాడి కంటా పడకూడదు. నేను ఒక్క మాట కల్పించలేదు ఇక్కడ, రెండు చట్టాలని పక్కపక్కన పెట్టానంతే, సగం ప్లాట్ వచ్చేసింది.

ఇక నామినేషన్ కాగితాలు. ఇది కథలు రాసేవాళ్ళు అస్సలు ముట్టుకోని గని. టికెట్ వచ్చింది అని పేపర్లో పడినంత మాత్రాన అభ్యర్థి అయిపోరు. పార్టీ ఇచ్చే ఏ ఫారం, బీ ఫారం నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు రిటర్నింగ్ ఆఫీసర్ చేతిలో పడాలి, అప్పటిదాకా ఏదీ ఖాయం కాదు. లిస్టులో పేరు ఒకరిది ఉండి బీ ఫారం ఇంకొకరికి వెళ్ళిన సందర్భాలు అందరం చూశాం. ఆ బీ ఫారంలో ఇంకో ముక్క ఉంటది, అసలు అభ్యర్థి నామినేషన్ తిరస్కరిస్తే లేదా ఆయన ఉపసంహరించుకుంటే ఎవరు నిలబడాలో వాళ్ళ పేరు. మనం డమ్మీ అంటాం. మామూలుగా భార్యనో కొడుకునో కూతురినో వేయిస్తారు, అసలాయన నామినేషన్ ఓకే అవ్వగానే డమ్మీ కాగితం పక్కకి పోద్ది.

ఇప్పుడు ఊహించండి. నాన్న క్యాండిడేట్, ఇరవై ఆరేళ్ళ కూతుర్ని డమ్మీగా వేయించాడు. ఆమెకి దీని మీద ఏ ఆసక్తీ లేదు, సంతకం పెట్టమంటే పెట్టింది, బెంగళూరు బస్సు టికెట్ బుక్ చేసుకుని కూర్చుంది, అక్కడ అబ్బాయి ఎదురుచూస్తున్నాడు. పరిశీలన రోజు నాన్న అఫిడవిట్‌లో ఏదో గడి ఖాళీగా ఉండి, సరిచేయమని నోటీసిచ్చినా చేయక నామినేషన్ తిరస్కరించారు. సాయంత్రానికి ఆ అమ్మాయి పార్టీ అభ్యర్థి. ఎదుటి పార్టీ అభ్యర్థి ఆ అబ్బాయి అన్నయ్య. ఇదంతా చట్టప్రకారం అచ్చంగా జరగగలిగేదే. బలవంతపు పెళ్ళికి పోటీగా నాకు బలవంతపు అభ్యర్థిత్వం చాలా కొత్తగా, చాలా నిజంగా అనిపిస్తది. అమ్మాయికి ఇష్టం లేకుండా మొదలై పది రోజుల ప్రచారంలో జనాన్ని చూసి ఆమెకే గెలవాలని అనిపించడం మొదలైతే, బెంగళూరులో ఉన్న అబ్బాయి పరిస్థితి ఏంటి? ఓడిపోయి తిరిగి రావాలని కోరుకుంటాడా, గెలవాలనా?

అఫిడవిట్ సంగతి అన్నా కదా, దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఫారం 26 అంటారు. 2002, 2003ల్లో సుప్రీంకోర్టు తీర్పుల వల్ల ఇది వచ్చింది, అభ్యర్థి మీద కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ రాసి నోటరీ చేయించి ఇవ్వాలి. ఆస్తుల పట్టికలో నిలువుగా కాలమ్స్ ఉంటాయి, మొదటిది స్వయంగా, రెండోది భార్య లేదా భర్త, తర్వాత ఉమ్మడి కుటుంబం, ఆధారపడినవాళ్ళు. బంగారం ఎన్ని గ్రాములో కూడా రాయాలి. ఏ గడీ ఖాళీ వదలకూడదు, లేకపోతే లేదు అని, వర్తించకపోతే వర్తించదు అని రాయాలి, 2013లో సుప్రీంకోర్టు ఇది గట్టిగా చెప్పింది. కాగితం ఇచ్చాక ఎన్నికల సంఘం సైట్‌లో పెట్టేస్తారు, ఎవరైనా చూడొచ్చు. అబద్ధం రాస్తే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు.

గుళ్ళో ఎవరికీ తెలియకుండా పెళ్ళి చేసుకున్న జంట. ఎన్నికల తర్వాత ఇంట్లో చెప్దాం అనుకున్నారు. ఈలోపు అనుకోకుండా అతనికి టికెట్ వచ్చింది. నామినేషన్ రోజు రాత్రి ఆమె ఫోన్‌లో సైట్ ఓపెన్ చేసి అతని అఫిడవిట్ డౌన్‌లోడ్ చేసింది. భార్య కాలమ్‌లో పేజీ తర్వాత పేజీ, పై నుంచి కింది దాకా ఒకటే మాట, వర్తించదు. చేతి రాత కూడా అతనిదే. ఎంత పెద్ద డైలాగ్ రాసినా ఈ ఒక్క మాట కొట్టినంత దెబ్బ కొట్టదు. అతని వైపు నుంచి చూస్తే పేరు రాస్తే టికెట్ పోద్ది, ఆమె ఇంట్లో గొడవ అవుద్ది, రాయకపోతే చట్టం దృష్టిలో తప్పు, ఆమె దృష్టిలో ఇంకా పెద్ద తప్పు. వీళ్ళని లైట్ కథ వైపు తిప్పాలంటే నామినేషన్లకి ఇంకో రోజు మిగిలి ఉందనుకోండి, మళ్ళీ సరైన అఫిడవిట్‌తో ఇంకో సెట్ వేయొచ్చు, ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా వేయొచ్చు. రెండో సెట్‌లో ఆ కాలమ్‌లో ఆమె పేరు, మెళ్ళో గొలుసు ఎన్ని గ్రాములో అంకె. తన గొలుసు బరువు అతనికి ఎలా తెలుసు అని ఆమె అడగడం దగ్గర సీన్ ఆపేయొచ్చు.

రాసేవాళ్ళు ఎక్కువగా తప్పు చేసే చోటు ఇంకోటుంది. క్లైమాక్స్‌లో ఎమ్మెల్యే హీరో అసెంబ్లీలో లేచి ప్రేమ కోసం పార్టీ మారుతున్నా అని అవతలి బెంచీల్లోకి వెళ్ళి కూర్చుంటాడు, అందరూ చప్పట్లు. నిజంగా అలా కుదరదు. 1985లో రాజ్యాంగానికి 52వ సవరణతో పదో షెడ్యూల్, అంటే ఫిరాయింపుల చట్టం వచ్చాక గెలిచిన పార్టీని తనంతట తాను వదులుకున్నా, విప్‌కి, అంటే ఇటే ఓటేయాలన్న పార్టీ ఆర్డర్‌కి, వ్యతిరేకంగా ఓటేసినా సభ్యత్వం పోవాలి. మూడో వంతు మంది చీలితే పర్లేదన్న వెసులుబాటు కూడా 2003లో తీసేశారు, ఇప్పుడు మూడింట రెండొంతుల మంది కలిసి విలీనం అయితేనే. అయితే నిర్ణయం స్పీకర్ చేతిలో ఉంటది, చట్టంలో గడువు లేదు, అందుకే ఏళ్ళు లాగుతారు. తెలంగాణలో పదిమంది ఎమ్మెల్యేల విషయంలో మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కాబట్టి హీరో పార్టీ మారితే చప్పట్లు కాదు, పిటిషన్లు. ఇంకో సంగతి, ఈ చట్టం గెలిచినవాళ్ళకే, మామూలు కార్యకర్తకి కాదు. కార్యకర్త పొద్దున ఒక కండువా సాయంత్రం ఒక కండువా కప్పుకోవచ్చు, ఎవరూ ఆపరు. అంటే కార్యకర్త ప్రేమ కోసం పార్టీ మారకుండా నిలబడితే అది పూర్తిగా అతని మనసే, చట్టం భయం కాదు. అందుకే నాకు ఎమ్మెల్యే హీరో కంటే కార్యకర్త హీరోనే ఎక్కువ ఇష్టం.

మండల స్థాయిలో ఒక నిబంధన ఉంది, అది మాత్రం లవ్ స్టోరీ కోసమే పెట్టినట్టు ఉంటది. ఎంపీపీని ఎంపీటీసీ సభ్యులు చేతులెత్తి ఎన్నుకుంటారు. పార్టీ విప్ ఇస్తది. విప్‌కి ఎదురు చెయ్యెత్తితే ఆ ఓటు చెల్లుద్ది, ఎత్తినవాళ్ళ పదవి పోద్ది. రెండూ నిజమే. సగం సీట్లు మహిళలవి, 21 ఏళ్ళు నిండితే పోటీ చేయొచ్చు. ఎంపీపీ ఎన్నికకి ముందు సభ్యుల్ని క్యాంపుకి తీసుకెళ్తారు, ఏదో ఊళ్ళో రిసార్ట్, ఫోన్లు తీసేసుకుంటారు, ఎన్నిక రోజు పొద్దున బస్సులో నేరుగా ఎంపీడీవో ఆఫీసుకి తెస్తారు. వారం రోజులు ఫోన్ లేని ఇరవై మూడేళ్ళ ఎంపీటీసీ, బస్సు దిగి హాల్లోకి వెళ్తే ఎదురుగా అవతలి పార్టీ వరసలో అతను. ఒక్క ఓటు తేడా. ఆమె చెయ్యి ఎత్తాలా వద్దా అనేది అరగంట సీన్ రాయొచ్చు. నా మట్టుకు నేనైతే ఆమె చేత అతని కోసం చెయ్యి ఎత్తించను. ఊళ్ళో వాళ్ళు ఒక గుర్తు చూసి ఓటేశారు, ఆ మాట నిలబెట్టుకునే అమ్మాయినే అతను ప్రేమించాడు అని రాస్తా, ఓడిపోయి బయటికి వచ్చి ఆమె కోసం చెట్టు కింద వెయిట్ చేస్తాడు.

పొత్తుల గురించి కూడా చెప్పాలి. 2019లో టీడీపీ, జనసేన, బీజేపీ విడివిడిగా పోటీ చేశాయి. 2023 సెప్టెంబర్‌లో రాజమండ్రి జైలు బయట పవన్ కల్యాణ్ గారు పొత్తు అన్నారు, 2024 మార్చికి బీజేపీ కూడా కలిసింది, జనసేనకి 21 అసెంబ్లీ సీట్లు. అంటే ఆ 21 చోట్ల ఏళ్ళ తరబడి పార్టీని మోసిన టీడీపీ వాళ్ళు పక్కకి జరిగి నిన్నటిదాకా ఫేస్‌బుక్‌లో తిట్టుకున్నవాళ్ళతో కలిసి గడప గడపకీ తిరగాలి. శత్రువులు ప్రేమికులవడం అని ఒక టైపు కథ ఉంది కదా, ఇక్కడ ఇంకా అందమైన మెలిక ఉంది, వాళ్ళని కలపమని పైనుంచి ఆర్డర్ వచ్చింది. దాచిపెట్టుకున్న ప్రేమ ఉన్నట్టుండి పార్టీ లైన్ అయిపోయింది. రెండేళ్ళుగా భయపడుతున్న జంట ఇప్పుడు ఒకే ఆటోలో మైక్ పట్టుకుని తిరుగుతున్నారు, ఊరంతా చూస్తుంది, ఎవరికీ డౌట్ రాదు. అడ్డం పోయాక ఇంత కాలం మనల్ని కలిపి ఉంచింది ప్రేమా, ఆ దాపరికమా అనే ప్రశ్న అప్పుడు వస్తది.

ఇన్ని చెప్పినా నాకు బాగా ఇష్టమైన చోటు మాత్రం పోలింగ్ బూత్ లోపల ఏజెంట్ల బెంచీ. 2024 మే 13న మా ఊరి బడిలో నేను బూత్ ఏజెంట్‌గా కూర్చున్నా. 7 గంటలకి పోలింగ్ అంటే ఐదున్నరకే మాక్ పోల్, అంటే మిషన్ సరిగా ఉందో లేదో ఉత్తుత్తి ఓట్లేసి చూడటం, అప్పటికే వెళ్ళాలి. ఫోన్ లోపలికి లేదు. బెంచీ ఒకటే, రెండు పార్టీల వాళ్ళం పక్కపక్కనే. నా పక్కన కూర్చున్నాయన వరసకి బాబాయ్ అవుతాడు, పంచాయతీ ఎన్నికల గొడవ అప్పటి నుంచి మా ఇంటికీ వాళ్ళింటికీ మాటల్లేవు. మొదటి రెండు గంటలు ఇద్దరం ఓటర్ల లిస్టులోకే చూశాం. ఓటేసి వెళ్ళిన పేరు మీద ఇద్దరం ఒకేసారి టిక్ పెడుతున్నాం, ఒకసారి నేను నంబర్ మిస్సయితే ఆయన తలెత్తకుండానే తన లిస్టు నా వైపు జరిపాడు. మధ్యాహ్నం మావాళ్ళ దగ్గర నుంచి భోజనం రాలేదు, బడి రేకుల కింద ఎండ కొడతా ఉంది. ఆయన పులిహోర పొట్లం విప్పి సగం ఆకులో నా ముందు పెట్టి, "తినమ్మాయ్, నువ్వు కళ్ళు తిరిగి పడిపోతే రేపు మీవోళ్ళు మా మీదకే వస్తారు" అన్నాడు. తిన్నా. ఆరు దాటినా క్యూ అయిపోలేదు, అప్పటికే లైన్లో ఉన్నవాళ్ళకి స్లిప్పులిచ్చి రాత్రి దాకా వేయించారు.

పొద్దున మాక్ పోల్ అయ్యాక మిషన్‌కి ఒక పచ్చ కాగితం సీల్ వేస్తారు, దాని మీద ఏజెంట్లు కావాలంటే సంతకం పెట్టొచ్చు. సన్నటి కాగితం ముక్క అది. పైన నా సంతకం, కింద ఆయనది. ఆ ముక్క మిషన్‌తో పాటు స్ట్రాంగ్ రూమ్‌కి పోయి జూన్ 4 దాకా 22 రోజులు తాళం లోపల ఉంటది. ఆ 22 రోజుల్లో ఊళ్ళో ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు, తిట్టుకోవడానికి ప్రచారం లేదు, ఊరేగడానికి రిజల్ట్ లేదు, పందేలు తప్ప పని లేదు. రెండు పార్టీల వాళ్ళూ ఒకేలా భయపడే రోజులు అవే.

నేను ఇప్పుడు రాస్తున్న కథ ఆ పచ్చ కాగితం దగ్గరే మొదలవుద్ది. మాక్ పోల్ అయ్యింది, బడి గదిలో ట్యూబ్‌లైట్ సరిగా వెలగడం లేదు, ప్రిసైడింగ్ ఆఫీసర్ పచ్చ కాగితం ముందుకి జరిపాడు. ఆమె పెన్ను రాయలేదు. విదిలించినా రాయలేదు. పక్కనున్న అవతలి పార్టీ అబ్బాయి తన జేబులో పెన్ను తీసి మూత తిప్పి ఇచ్చాడు, ఆమె సంతకం పెట్టి అలవాటుగా తన బ్యాగులో వేసేసుకుంది. అతనికి ఇప్పుడు సంతకం పెట్టడానికి పెన్ను లేదు, అడగాలంటే ఆమెతో మాట్లాడాలి, వాళ్ళ రెండిళ్ళ మధ్య మాటలు ఆగి మూడేళ్ళు.